ఒకే ఖాతా మీద మూడు థ్రెడ్‌లు: జావాలో షేర్డ్ ఆబ్జెక్ట్‌లకు లాక్ వేసే పద్ధతి

జూన్, జులై వచ్చాయంటే చిత్తూరు జిల్లా మామిడి మండీల్లో ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. తోతాపురి లోడ్లతో ట్రాక్టర్లు బారులు తీరతాయి. కాటా దగ్గర తూకం అవుతుంటే, కౌంటర్‌లో అదే రైతు కొడుకు అడ్వాన్స్ అడుగుతుంటాడు. లోపల గదిలో గుమాస్తా పల్ప్ ఫ్యాక్టరీకి పోయిన లోడ్ల లెక్క సరిచూస్తుంటాడు. ఈ లెక్కలన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌లో నడుస్తుంటే మూడు థ్రెడ్‌లు (ఒకే ప్రోగ్రామ్‌లో ఏకకాలంలో నడిచే పనులు) ఒకే రైతు ఖాతాను ఒకే క్షణంలో ముట్టుకోవచ్చు. పుస్తకాల్లో ఉండే బ్యాంకు ఉదాహరణ అరిగిపోయింది కాబట్టి ఈ గైడ్ మొత్తం మండీ లెక్కతోనే నడుపుతాను. బంగారుపాళ్యం వైపు వాళ్లకు పట్టీ అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకు: సరుకు తూకం, ధర, కోతలు, చివరికి రైతుకు రావాల్సిన మొత్తం రాసిచ్చే చీటీ.

భాష జావా. కారణం, ఇక్కడ లాక్ అనేది బయట లైబ్రరీలో కాకుండా రన్‌టైమ్ (ప్రోగ్రామ్‌ను నడిపే వ్యవస్థ) లోపలే ఉంది. ప్రతి ఆబ్జెక్ట్‌కూ పుట్టుకతోనే ఒక మానిటర్, అంటే ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే లోపలికి రానిచ్చే తాళం, వస్తుంది. ఈ ఆలోచన జావాది కాదు. 1960లలో కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా తెచ్చిన సెమాఫోర్‌లు (పనులను ఆపి వదిలే సంకేతాలు), 1973-74లో బ్రింక్ హాన్సెన్, హోర్ రూపమిచ్చిన మానిటర్‌లు దీనికి మూలం. 1996లో వచ్చిన జావా దాన్ని సింక్రనైజ్డ్ అనే ఒక్క కీవర్డ్‌గా అందరి చేతికీ ఇచ్చింది. అంత తేలిగ్గా ఇవ్వడమే చిక్కు కూడా. కీవర్డ్ తగిలించేస్తే పని అయిపోయిందనుకుంటారు. అసలు పని అంతకుముందే, కాగితం మీద ఉంది.

మొదటి అడుగు: ఏ డేటాకు ఏ లాక్ కాపలానో రాయండి

ప్రోగ్రామ్‌లో ఉన్న ఆబ్జెక్ట్‌లన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒక్కోదానికీ రెండు ప్రశ్నలు వేయండి: ఒకటికంటే ఎక్కువ థ్రెడ్‌లు దీన్ని చూస్తాయా? తయారయ్యాక ఇది మారుతుందా? రెండింటికీ అవును అంటేనే లాక్ అవసరం.

మండీలో చూడండి. పట్టీ ఒకసారి తయారయ్యాక మారదు. దాని ఫీల్డ్‌లన్నీ ఫైనల్ (ఒకసారి ఇచ్చాక మార్చలేనివి) చేసేయండి, ఎన్ని థ్రెడ్‌లు చదివినా లాక్ అక్కర్లేదు. తప్పు పడితే పాతదాన్ని దిద్దకుండా కొత్త పట్టీ తయారు చేయండి. ఒక మెథడ్ లోపల కమీషన్ లెక్కకట్టే లోకల్ వేరియబుల్స్ ఆ థ్రెడ్ సొంతం, వాటికీ అక్కర్లేదు. మిగిలేది రైతు ఖాతా, కాటా ముందున్న లోడ్ల క్యూ, ఆ రోజు ధరల పట్టిక. అంతే. లిస్టు ఇంత చిన్నదవడం మంచి సూచన. పెద్దదిగా ఉందంటే మారనవసరం లేనివాటిని కూడా మార్చేలా రాశారన్నమాట.

ఇప్పుడు ఆ మూడింటి పక్కన ఏ లాక్ పట్టుకుంటే వాటిని ముట్టుకోవచ్చో రాయండి. కోడ్‌లో ఫీల్డ్ పైన గార్డెడ్‌బై అనే అనోటేషన్ పెట్టండి. గూగుల్ వాళ్ల ఎర్రర్‌ప్రోన్ వాడితే, ఆ లాక్ పట్టుకోకుండా ఫీల్డ్‌ను ముట్టుకున్న చోట కంపైల్ దశలోనే పట్టేస్తుంది. లాక్ తనంతట తాను దేన్నీ కాపాడదు. ఆ ఖాతాను ముట్టుకునే ప్రతి కోడూ అదే లాక్ పట్టుకోవాలన్న ఒప్పందమే కాపాడుతుంది. ఒక్క మెథడ్ ఆ ఒప్పందం తప్పినా మిగతా ఇరవై మెథడ్‌లు పద్ధతిగా ఉండి లాభం లేదు.

రెండో అడుగు: డబ్బు ఎలా మాయమవుతుందో కళ్లారా చూడండి

ఖాతాలో 40,000 రూపాయలు ఉన్నాయి. కాటా థ్రెడ్ లోడు డబ్బు 18,500 కలపాలి. కౌంటర్ థ్రెడ్ అడ్వాన్స్ 5,000 తీసేయాలి. కోడ్‌లో రెండూ ఒక్కో లైనే. కానీ నిల్వకు కలుపు అన్న ఆ ఒక్క లైను నిజానికి మూడు పనులు: చదవడం, కూడడం, తిరిగి రాయడం. ఇలా జరిగిందనుకోండి:

కాటా థ్రెడ్ చదివింది: 40,000
కౌంటర్ థ్రెడ్ చదివింది: 40,000
కాటా థ్రెడ్ రాసింది: 58,500
కౌంటర్ థ్రెడ్ రాసింది: 35,000

ఉండాల్సింది 53,500. లోడు డబ్బు మొత్తం గాల్లో కలిసిపోయింది. చివరి రెండు లైన్లు అటూ ఇటూ అయితే 58,500 మిగిలి, ఇచ్చిన అడ్వాన్స్ లెక్కలోకే రాదు. అప్పుడు మునిగేది మండీ యజమాని. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ ఉండదు, మళ్లీ నడిపితే సరిగ్గా వస్తుంది. అందుకే ఈ తరహా తప్పును టెస్టింగ్‌లో పట్టుకోవచ్చులే అని వదిలేయకూడదు.

మూడో అడుగు: రాసేటప్పుడే కాదు, చదివేటప్పుడూ లాక్

జమ, ఖర్చు మెథడ్‌ల లోపలి పనిని ఖాతా తాలూకు లాక్ మీద సింక్రనైజ్డ్ బ్లాక్‌లో పెట్టండి. ఒక థ్రెడ్ లోపల ఉండగా అదే లాక్ కావాల్సిన ఇంకో థ్రెడ్ బయటే ఆగుతుంది. ఇంతవరకు అందరూ చేస్తారు. నిల్వ ఎంతో చూపించే మెథడ్ దగ్గరకొచ్చేసరికి “ఇది చదవడమేగా” అని వదిలేస్తారు.

అలా వదలకూడదు. లాక్‌కు రెండు పనులున్నాయి. ఒకటి, ఒకరి తర్వాత ఒకర్ని లోపలికి పంపడం. రెండోది, ముందు లాక్ వదిలిన థ్రెడ్ చేసిన మార్పులన్నీ తర్వాత అదే లాక్ పట్టుకున్న థ్రెడ్‌కు కనబడేలా చేయడం. లాక్ లేకుండా చదివే థ్రెడ్‌కు ఈ రెండో హామీ లేదు. కంపైలర్ విలువను రిజిస్టర్‌లోనే ఉంచేసుకోవచ్చు, చదవడం రాయడం వరసను మార్చనూవచ్చు. 2004లో జావా 5తో వచ్చిన కొత్త మెమరీ మోడల్ ఈ హామీలను స్పష్టంగా రాసింది. అంతకుముందు ఎంతోమంది వాడిన డబుల్-చెక్డ్ లాకింగ్ (లాక్ లేకుండా ఒకసారి, లాక్ పట్టుకుని ఇంకోసారి చూడటం) అనే చిట్కా తప్పేనని తేలి, ఆ ఫీల్డ్‌ను వోలటైల్ (ఒక థ్రెడ్ రాసింది మిగతావాటికి కనబడాలని చెప్పే కీవర్డ్) చేస్తేనే పనిచేసే స్థితికి వచ్చింది కూడా అప్పుడే.

దీనికి తేలిగ్గా కనిపించే ఉదాహరణ ఆపు అనే బూలియన్ (ట్రూ, ఫాల్స్ రెండే విలువలుండే ఫీల్డ్). కాటా థ్రెడ్ “ఆపు అనలేదు కదా” అని చూస్తూ లూప్‌లో తిరుగుతోంది. సాయంత్రం మెయిన్ థ్రెడ్ దాన్ని ట్రూ చేసింది. లూప్ ఆగకపోవచ్చు! లూప్‌లో ఎవరూ దాన్ని మార్చట్లేదు కదా అని జిట్ కంపైలర్ (ప్రోగ్రామ్ నడుస్తుండగానే కోడ్‌ను వేగవంతం చేసేది) ఆ చెక్‌ను ఒక్కసారికే కుదించేయడానికి రూల్స్ ఒప్పుకుంటాయి. ఆ ఫీల్డ్‌ను వోలటైల్ చేస్తే సరిపోతుంది. అయితే వోలటైల్ కనబడటానికే హామీ ఇస్తుంది. చదివి-కూడి-రాసే పనిని ఒకటిగా చేయదు. ఖాతా నిల్వను వోలటైల్ చేసి ఊరుకుంటే రెండో అడుగులోని తప్పు అలాగే ఉంటుంది.

నాలుగో అడుగు: దేని మీద లాక్ వేస్తున్నారు?

ఇక్కడ కాస్త ఆగుదాం. ఈ గైడ్‌లో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి.

“ఒక్కో ఖాతాకు ఒక్కో లాక్ కావాలి, ఖాతా నంబర్ ఎలాగూ ఉంది కదా” అని ఇంటీజర్‌గా ఉన్న ఖాతా నంబర్ మీదే సింక్రనైజ్డ్ పెడతారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ లాక్ విలువకు కాదు, ఆబ్జెక్ట్‌కు పడుతుంది. జావా మైనస్ 128 నుంచి 127 వరకు ఉన్న ఇంటీజర్ ఆబ్జెక్ట్‌లను ముందే తయారు చేసి పెట్టుకుంటుంది. 7 అని ఎన్నిసార్లు బాక్స్ చేసినా (మామూలు అంకెను ఆబ్జెక్ట్‌గా మార్చినా) వచ్చేది అదే ఆబ్జెక్ట్. 412 అని బాక్స్ చేస్తే మామూలుగా ప్రతిసారీ కొత్తది వస్తుంది. కాటా థ్రెడ్ ఒక 412ను, కౌంటర్ థ్రెడ్ ఇంకో 412ను లాక్ చేసి, రెండూ ధీమాగా లోపలికి పోతాయి.

దీని వల్ల ఏమవుతుందో ఊహించండి. ఆఫీసులో 1 నుంచి 10 వరకు ఖాతాలతో టెస్ట్ చేస్తారు, అంతా బ్రహ్మాండం. సీజన్ మొదటివారం 127 మంది రైతుల వరకు లెక్క పైసాతో సహా సరిపోతుంది. 128వ రైతు నుంచి మొదలవుతుంది టెన్షన్. చిన్న నంబర్ల సంగతి బాగున్నట్టే కనబడినా అదీ ప్రమాదమే. ఆ 7 అనే ఆబ్జెక్ట్ జేవీఎం (జావా ప్రోగ్రామ్‌ను నడిపే రన్‌టైమ్) అంతటికీ ఒక్కటే కాబట్టి, మీకు తెలియని లైబ్రరీ ఏదైనా దాని మీద లాక్ వేస్తే మీ రైతు అక్కడ ఆగిపోతాడు. కోడ్‌లో నేరుగా రాసిన స్ట్రింగ్‌లకూ ఇదే జబ్బు. జావా 16 నుంచి ఇంటీజర్ లాంటివాటి మీద లాక్ వేస్తే కంపైలర్ వార్నింగ్ ఇస్తోంది. ఆ వార్నింగ్‌ను మూసేయకండి.

సరైన పద్ధతి: ఖాతా క్లాస్ లోపలే ప్రైవేట్, ఫైనల్ ఆబ్జెక్ట్ ఒకటి పెట్టి దాని మీదే లాక్ వేయండి. ప్రైవేట్ కాబట్టి బయటివాళ్లు పట్టుకోలేరు. ఫైనల్ కాబట్టి మధ్యలో ఎవరూ వేరే ఆబ్జెక్ట్‌ను అక్కడ పెట్టలేరు. ఫైనల్ పెట్టకపోతే పాత ఆబ్జెక్ట్‌ను ఒకరు, కొత్తదాన్ని ఇంకొకరు పట్టుకునే అవకాశం ఉంది. మెథడ్ ముందే సింక్రనైజ్డ్ రాస్తే లాక్ పడేది ఖాతా ఆబ్జెక్ట్ మీద. చిన్న ప్రోగ్రామ్‌కు పర్లేదు గానీ, ఖాతా ఎవరి చేతికి చిక్కినా వాళ్లూ దాన్ని లాక్ చేయగలరు. ఇక ఒక ఖాతా నంబర్‌కు జేవీఎం మొత్తంలో ఒకే ఖాతా ఆబ్జెక్ట్ ఉండాలి. లేకపోతే ఇందాకటి 412 కథే మళ్లీ.

ఐదో అడుగు: చూడటం, చేయడం ఒకే లాక్‌లో

నిల్వ చాలినంత ఉందా అని చూసే మెథడ్‌లో లాక్ ఉంది. డబ్బు తీసే మెథడ్‌లోనూ ఉంది. అయినా కౌంటర్ కోడ్ ముందు చూసి తర్వాత తీస్తే, ఆ రెండింటి మధ్య సందులో ఇంకో కౌంటర్ డబ్బు తీసేసి ఉండొచ్చు. చూసి-ఇచ్చే పనంతా ఒకే మెథడ్‌గా, ఒకే లాక్ కింద రాయండి.

కంకరెంట్‌హ్యాష్‌మ్యాప్ (చాలా థ్రెడ్‌లు కలిసి వాడుకునే మ్యాప్) వాడితే ఈ బాధ ఉండదని అనుకుంటారు, ఉంటుంది. గెట్ చేసి, లేదని చూసి, పుట్ చేస్తే రెండు థ్రెడ్‌లు ఒకే రైతుకు రెండు ఖాతా ఆబ్జెక్ట్‌లు పుట్టిస్తాయి. కంప్యూట్ ఇఫ్ యాబ్సెంట్ వాడండి. లేకపోతే తయారు చేసి ఇచ్చే పనిని మ్యాపే ఒక్కసారిగా చేసిపెడుతుంది.

ఇంకో సంగతి. సింక్రనైజ్డ్ బ్లాక్‌లో ఎక్సెప్షన్ (నడుస్తుండగా వచ్చే తప్పు) వస్తే లాక్ తనంతట అదే వదులుతుంది, కానీ సగం మారిన డేటా అలాగే మిగులుతుంది. అందుకని లెక్కలు, చెకింగ్‌లు అన్నీ ముందు లోకల్ వేరియబుల్స్‌లో పూర్తిచేసి, ఫీల్డ్‌లకు విలువలు ఇవ్వడం చివర్లో పెట్టుకోండి. థ్రెడ్‌ను బలవంతంగా చంపే స్టాప్ అనే మెథడ్‌ను జావా 1.2లోనే వద్దన్నది ఇందుకే: అది లాక్‌లను వదిలించేసి, సగం సగం ఆబ్జెక్ట్‌లను మిగతా థ్రెడ్‌ల ముందు పడేసేది.

ఆరో అడుగు: లాక్ పట్టుకుని బయటిపనులు పెట్టుకోవద్దు

జమ కాగానే రైతు ఫోన్‌కు ఎస్ఎంఎస్, పట్టీ ప్రింట్. ఇవి లాక్ లోపల పెట్టారంటే ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నప్పుడల్లా ఆ ఖాతా మొత్తం ఇరుక్కున్నట్టే. లాక్ లోపల నిల్వ మార్చి, కొత్త పట్టీ ఆబ్జెక్ట్ చేతికి తీసుకుని బయటకొచ్చేయండి. ప్రింట్, ఎస్ఎంఎస్ లాక్ వదిలాక. పట్టీ మారని ఆబ్జెక్ట్ కాబట్టి బయట ఎంతసేపు పట్టుకుని తిరిగినా పర్లేదు.

ఏడో అడుగు: రెండు లాక్‌లు కావాల్సి వస్తే

అన్న ఖాతా నుంచి తమ్ముడి ఖాతాకు డబ్బు మార్చాలి. రెండు ఖాతాలూ లాక్ చేయాలి. ఒక థ్రెడ్ అన్న ఖాతా పట్టుకుని తమ్ముడి దాని కోసం ఎదురుచూస్తోంది. ఇంకో థ్రెడ్ అదే సమయానికి తమ్ముడి నుంచి అన్నకు మారుస్తూ, తమ్ముడిది పట్టుకుని అన్నదాని కోసం చూస్తోంది. రెండూ కదలవు. ఇదే డెడ్‌లాక్.

మందు ఒక్కటే: వరస. డబ్బు ఎటు నుంచి ఎటు వెళ్లినా, చిన్న ఖాతా నంబర్ ఉన్నదాని లాక్ ముందు, పెద్దది తర్వాత. అందరూ ఒకే వరసలో పట్టుకుంటే ఈ చక్రం ఏర్పడదు. రెండు నంబర్లూ ఒకటే అయితే మార్పిడిని ముందే తిప్పి పంపండి.

సాఫ్ట్‌వేర్ కదలకుండా కూర్చుంటే వెంటనే రీస్టార్ట్ కొట్టేయకండి, సాక్ష్యం పోతుంది. ముందు ప్రాసెస్ నంబర్‌తో జేస్టాక్ కమాండ్ కొట్టి థ్రెడ్ డంప్ తీయండి. అందులో అన్నిటికంటే కింద “ఫౌండ్ వన్ జావా-లెవెల్ డెడ్‌లాక్” అని ఉందేమో చూడండి. ఉంటే ఏ థ్రెడ్ ఏ లాక్ కోసం చూస్తోందో, దాన్ని ఎవరు పట్టుకున్నారో అక్కడే ఉంటుంది. “వెయిటింగ్ టు లాక్” పక్కనున్న అడ్రస్, ఇంకో థ్రెడ్‌లో “లాక్డ్” పక్కనున్న అడ్రస్ ఒకటే అయి ఉంటాయి. దాని పక్క లైన్ నంబరే మీరు తెరవాల్సిన చోటు. డేటాబేస్‌లు చాలావరకు డెడ్‌లాక్‌లో ఒక ట్రాన్సాక్షన్‌ను రద్దు చేసి దారి వదులుతాయి. జేవీఎం అలా చేయదు, మీరు అడిగితే చూపించి ఊరుకుంటుంది. థ్రెడ్‌లకు కాటా-1, కౌంటర్-2 అని పేర్లు పెట్టి ఉంటే డంప్ చదవడం ఎంత హాయో అప్పుడు తెలుస్తుంది.

ఎనిమిదో అడుగు: లోడు వచ్చేదాకా ఆగడం

కాటా థ్రెడ్‌కు క్యూలో లోడు లేకపోతే ఆగాలి. క్యూ నిండిపోతే గేటు థ్రెడ్ ఆగాలి. స్లీప్ పెట్టి మళ్లీ మళ్లీ చూడటం తప్పు పద్ధతి. లాక్ లోపల స్లీప్ చేస్తే లాక్ వదలదు కాబట్టి ఇంకా తప్పు. వెయిట్ పిలిస్తే ఆ లాక్ వదిలి నిద్రపోతుంది, లేచాక మళ్లీ పట్టుకునే ముందుకు పోతుంది. ఇంకో ఆబ్జెక్ట్ లాక్ కూడా చేతిలో ఉంటే మాత్రం అది వదలదు, గుర్తుంచుకోండి. లాక్ పట్టుకోకుండానే వెయిట్ గానీ నోటిఫై (ఆగినవాళ్లను లేపే మెథడ్) గానీ పిలిస్తే ఇల్లీగల్ మానిటర్ స్టేట్ ఎక్సెప్షన్ వస్తుంది.

క్యూ ఖాళీగా ఉందా అన్న చెక్ ఇఫ్‌లో కాకుండా వైల్‌లో ఉండాలి. ఎందుకంటే నోటిఫై అంటే “లోడు వచ్చి ఉండొచ్చు, లేచి చూసుకో” అని మాత్రమే. మీరు లేచి లాక్ పట్టుకునేలోపు ఇంకో కాటా ఆ లోడును ఎత్తుకుపోవచ్చు. మీసా అనే పాత ప్రోగ్రామింగ్ భాషతో వచ్చిన అనుభవాన్ని ల్యాంప్సన్, రెడెల్ 1980లోనే రాశారు, జావా ఆ పద్ధతినే పాటిస్తుంది. పైగా ఎవరూ లేపకుండానే మెలకువ వచ్చే అవకాశాన్ని కూడా జావా స్పెసిఫికేషన్ ఒప్పుకుంటుంది. గేటు, కాటా రెండూ ఒకే లాక్ మీద నిద్రపోతున్నాయి కాబట్టి నోటిఫై ఒక్కటే కొడితే తప్పు మనిషి లేవొచ్చు. నోటిఫై ఆల్ కొట్టండి.

ఇదంతా ఒకసారి సొంతంగా రాసి చూడండి. తర్వాత దాన్ని పక్కనపెట్టి జావాలో రెడీగా ఉన్న అర్రే బ్లాకింగ్ క్యూ వాడండి. పుట్, టేక్ రెండు మెథడ్‌లతో పని అయిపోతుంది.

మిగతా పనిముట్లు, త్వరత్వరగా

రీఎంట్రంట్ లాక్: సింక్రనైజ్డ్ కోసం ఆగిన థ్రెడ్‌ను ఇంటరప్ట్ చేసి బయటకు తేలేం. దీనితో రెండు సెకన్లు చూసి దొరక్కపోతే వెనక్కి వచ్చేయొచ్చు. అన్‌లాక్‌ను ఫైనల్లీ బ్లాక్‌లో పెట్టడం మర్చిపోతే లాక్ శాశ్వతంగా పడినట్టే. ఆ అవసరం లేనప్పుడు సింక్రనైజ్డే నయం.

రోజు మొత్తం ఎన్ని లోడ్లు వచ్చాయన్న ఒక్క అంకెకు లాక్ దండగ, అటామిక్ లాంగ్ (చదివి-కూడి-రాసే పనిని ఒక్క దెబ్బలో చేసేది) చాలు. థ్రెడ్‌లు మరీ ఎక్కువైతే జావా 8లో వచ్చిన లాంగ్ యాడర్. ధరల పట్టికను గంటకోసారి మారుస్తూ అస్తమానం చదువుతుంటారు. దీనికి రీడ్-రైట్ లాక్ (చదివేవాళ్లు ఎందరైనా, రాసేవాళ్లు ఒక్కరే) వాడమంటారు గానీ, నా ఓటు మారని మ్యాప్‌ను తయారు చేసి వోలటైల్ ఫీల్డ్‌లో పెట్టడానికే. బేనీషా మామిడి ధర మారిందా, కొత్త మ్యాప్ చేసి పెట్టండి. చదివేవాళ్లకు లాక్ ఊసే ఉండదు. మార్చే థ్రెడ్ ఒక్కటే అయితేనే సుమా.

లాక్ అంటే స్లో అన్న భయం పాతది. పోటీ లేనప్పుడు జేవీఎం ఆబ్జెక్ట్ హెడర్‌లో ఒక చిన్న అటామిక్ మార్పుతో పని కానిస్తుంది. పోటీ వచ్చినప్పుడో, వెయిట్ పిలిచినప్పుడో పూర్తి మానిటర్‌ను తయారు చేస్తుంది. బయాస్డ్ లాకింగ్ (ఒకే థ్రెడ్ పదేపదే పట్టే లాక్‌ను చౌక చేసేది) అనే ఆప్టిమైజేషన్ గురించి పాత ఇంటర్వ్యూ ప్రశ్నల్లో ఇంకా కనబడుతుంది. 2020లో జావా 15 దాన్ని డిఫాల్ట్‌గా ఆపేసింది. వర్చువల్ థ్రెడ్‌లు (ఓఎస్ థ్రెడ్‌ల మీద ఎక్కి నడిచే తేలికపాటి థ్రెడ్‌లు) వాడుతుంటే వెర్షన్ చూసుకోండి: 2023లో వచ్చిన జావా 21లో సింక్రనైజ్డ్ లోపల ఆగిన వర్చువల్ థ్రెడ్, తనను మోసే ఓఎస్ థ్రెడ్‌ను కూడా కట్టిపడేస్తుంది. 2025లో జావా 24తో ఆ ఇబ్బంది దాదాపు పోయింది.

తొమ్మిదో అడుగు: బలంగా కుదిపి చూడండి

పది ఖాతాలు, ఎనిమిది థ్రెడ్‌లు. ఖాతాల మధ్య ఇష్టమొచ్చినట్టు డబ్బు మార్చమనండి. కౌంట్‌డౌన్ ల్యాచ్‌తో అన్నిటినీ ఒకేసారి వదలండి, లేకపోతే మొదటి థ్రెడ్ పని ముగించాక రెండోది మొదలై ఏ తప్పూ బయటపడదు. చివర్లో పది ఖాతాల మొత్తం, మొదలుపెట్టినప్పటి మొత్తంతో పైసాతో సహా సరిపోవాలి. డబ్బును డబుల్‌లో (దశాంశాల టైపు) కాకుండా పైసల్లో, లాంగ్‌లో (పూర్ణాంకాల టైపు) దాచండి. లేకపోతే తేడా దశాంశాల వల్లో, థ్రెడ్‌ల వల్లో తెలియక చస్తారు. ఖాతా నంబర్లు 128 పైన తీసుకోండి. తర్వాత కావాలనే ఒక సింక్రనైజ్డ్ తీసేసి మళ్లీ నడపండి. టెస్ట్ ఫెయిల్ కాకపోతే మీ టెస్ట్‌కు పళ్లు లేవన్నమాట, థ్రెడ్‌లూ తిరిగే సార్లూ పెంచండి.

చివరిగా ఒక హద్దు. ఈ లాక్‌లన్నీ ఒక్క జేవీఎం లోపలివే. మండీ పెరిగి, బంగారుపాళ్యంలో ఒక సర్వర్, చిత్తూరులో ఇంకోటి పెట్టి రెండూ ఒకే డేటాబేస్‌కు రాస్తుంటే, సింక్రనైజ్డ్ ఎంత జాగ్రత్తగా పెట్టినా ఆ రెండు సర్వర్లకూ ఒకదాని లాక్ ఒకదానికి కనబడదు. అప్పుడు లాక్ డేటాబేస్ దగ్గర ఉండాలి. ట్రాన్సాక్షన్‌లో సెలెక్ట్ ఫర్ అప్‌డేట్‌తో పట్టికలో ఆ రైతు అడ్డువరసను (రో) పట్టుకోవడం ఒక దారి. రెండు ఖాతాలైతే ఇక్కడా చిన్న నంబరే ముందు. రెండో దారి, పట్టికలో వెర్షన్ అనే కాలమ్ పెట్టడం: నేను చదివిన వెర్షన్ ఇంకా అలాగే ఉంటేనే మార్చు, మార్చాక వెర్షన్ ఒకటి పెంచు అని అప్‌డేట్ రాస్తారు. ఎన్ని అడ్డువరసలు మారాయన్నదానికి సున్నా అని జవాబొస్తే మధ్యలో ఎవరో వచ్చి వెళ్లారని అర్థం. ఖాతాను మళ్లీ చదివి, నిల్వ చాలుతుందో లేదో మళ్లీ చూసి, అప్పుడు ఇంకోసారి ప్రయత్నించాలి.